పాత పీఎల్సీ సాఫ్ట్‌వేర్, కొత్త ల్యాప్‌టాప్: ఏడేళ్ళు వీఎంలో నడిపాక

బెంగళూరు పీణ్య రెండో ఫేజ్‌లో ఒక చిన్న సర్వీసు కంపెనీలో పనిచేస్తాను. నలుగురం ఇంజినీర్లం, అందులో ఇద్దరం హిందూపురం వైపు వాళ్ళమే. మా చేతికి వచ్చే మెషీన్లలో సగం నాకంటే ముందు ఉద్యోగంలో చేరినవి. వాటిని నడిపే పీఎల్సీలూ (మెషీన్‌కి ఎప్పుడేం చేయాలో చెప్పే చిన్న కంప్యూటర్లు) అంతే: సీమెన్స్ ఎస్7-300, రాక్‌వెల్ ఎస్ఎల్‌సీ 500, మైక్రోలాజిక్స్, మిత్సుబిషి ఎఫ్ఎక్స్, ఎక్కడో ఒక మూల ఇంకా ఊపిరి పీలుస్తున్న సీమెన్స్ ఎస్5. లైన్ ఆగిందని ఫోన్ వస్తే బ్యాగు తగిలించుకుని బొమ్మసంద్రకో జిగణికో పోవాలి, కేబుల్ పెట్టి పీఎల్సీతో ఆన్‌లైన్ అవ్వాలి (అంటే ల్యాప్‌టాప్ దానితో మాట్లాడాలి), ఏ ఇన్‌పుట్ రావట్లేదో చూడాలి. చెప్పుకోవడానికి ఇంతే పని, కానీ ఆ ఆన్‌లైన్ అవ్వడం అనే ముక్క దగ్గరే మాకు చాలాసార్లు తెల్లారిపోయేది.

2018 వరకు మూడు ల్యాప్‌టాప్‌లు మోసేవాళ్ళం. అందులో అసలైనది విండోస్ ఎక్స్‌పీ ల్యాప్‌టాప్, వెనక నిజమైన సీరియల్ పోర్టు ఉన్నది, బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి ప్యానెల్ పక్కన ప్లగ్ పాయింట్ లేకపోతే అది ఇటుకతో సమానం. ఆ ఏడాది దాని హార్డ్ డిస్క్ కూడా పోయింది. సీడీలు వెతికి, సర్వీస్ ప్యాక్‌లు వరసగా ఎక్కించి, లైసెన్సులు సర్ది, డ్రైవర్లు పెట్టి మళ్ళీ ఒక దారికి తేవడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు కూర్చుని మొత్తం వీఎంలోకి (వర్చువల్ మెషీన్, అంటే ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) మార్చడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఇవాళ్టి దాకా నా రోజువారీ పని అందులోనే.

ముందు ఒక మాట. అందరికీ వీఎం అక్కర్లేదు. మీ దగ్గర ఎస్7-300 ఒక్కటే ఉందనుకోండి, దాని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ స్టెప్ 7 వెర్షన్ 5.6 నుంచి విండోస్ 10లో నేరుగా నడుస్తుంది, డబ్బు పెట్టి కొత్త వెర్షన్ కొనుక్కోవడమే మేలు. మిత్సుబిషి వాళ్ళ పాత జీఎక్స్ డెవలపర్ ప్రాజెక్టుల్ని జీఎక్స్ వర్క్స్2 తెరుస్తుంది. రాక్‌వెల్ వాళ్ళ ఆర్ఎస్‌లాజిక్స్ 500కి కూడా విండోస్ 10లో నడిచే వెర్షన్లు ఉన్నాయి. అసలు ఇబ్బంది కొత్త వెర్షనే లేని వాటితో. ఓపీ7, ఓపీ17 లాంటి పాత సీమెన్స్ ఆపరేటర్ ప్యానెళ్ళకు ప్రోటూల్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, దాని లోకం ఎక్స్‌పీతోనే ఆగిపోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు 32 బిట్‌వే అయినా వాటి సెటప్ ఫైలు మాత్రం 16 బిట్‌ది, 64 బిట్ విండోస్ దాన్ని ముట్టుకోదు, విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు. అలాంటి చోట వీఎం తప్ప దారి లేదు. ఇంకోటి, నాలుగు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఒకే విండోస్‌లో వేస్తే ఒకరి సర్వీసులు ఇంకొకరి కాళ్ళలో పడతాయి. ఉమ్మడి కుటుంబం ఎంత గొప్పదైనా వంటగదులు వేరుగా ఉంటేనే నయం. నాకు సీమెన్స్‌కి ఒక వీఎం, రాక్‌వెల్‌కి ఒకటి, మిత్సుబిషికి ఒకటి, తక్కిన చిల్లరంతా ఇంకోదాంట్లో.

వీఎంలు నడపడానికి మొదట వర్చువల్‌బాక్స్ వాడాను. పనిచేసింది, తిట్టడానికేమీ లేదు. కాకపోతే అప్పట్లో యూఎస్‌బీ 2 కావాలంటే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేసుకోవాలి, అది సొంతానికి ఉచితం గానీ కంపెనీ పనికి లైసెన్స్ కొనాలి. 7.0 నుంచి యూఎస్‌బీ 2, 3 రెండూ మామూలు ప్యాకేజీలోనే వస్తున్నాయి. నేను మాత్రం ఏడాదిలోపే వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌కి మారి అక్కడే ఉండిపోయాను. అప్పుడు కొన్నాం, 2024 నవంబర్ నుంచి కంపెనీ వాడకానికి కూడా ఉచితమే చేశారు. మా ఓనరు ఆ వార్త చదివి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, ఏదో నేనే ముందుగా చెప్పకుండా దాచినట్టు.

ఎక్స్‌పీ వీఎంకి పెద్ద హంగులేమీ వద్దు. ఒక కోర్, ఒక జీబీ ర్యామ్, 30 జీబీ డిస్క్ ఇస్తే హాయిగా పరిగెడుతుంది, టీ గ్లాసు కింద పెట్టేలోపు డెస్క్‌టాప్ వస్తుంది. డిస్క్‌ని మాత్రం 2 జీబీ ముక్కలుగా చేయమని చెప్పండి, ఎఫ్ఏటీ32లో ఉన్న పాత పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేయాల్సి వస్తే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. యూఎస్‌బీ సెట్టింగ్‌లో 2.0 పెట్టండి. 3 పెడితే ఎక్స్‌పీకి దాని డ్రైవరే లేదు, కేబుల్ పెట్టినా ఉలకదు పలకదు, మీరేమో కేబుల్ పోయిందనుకుని ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకు పరిగెత్తుతారు. నేను పరిగెత్తాను కాబట్టి చెబుతున్నా.

ఏడేళ్ళలో నాకు వచ్చిన తిప్పలన్నీ రాసిపెట్టుకుంటే, అందులో విండోస్ వల్ల వచ్చినవి తక్కువ. దాదాపు అన్నీ కేబుల్ దగ్గరే. వీఎంలో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, ప్రాజెక్టు తెరుచుకుంది అని సంబరపడతాం, అది సగం పెళ్ళే.

సీరియల్ సంగతి చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ కన్వర్టర్ కొంటాం. రెండు వందలకు దొరికేవాటిలో నకిలీ చిప్ ఉంటే కొత్త డ్రైవర్ దాన్ని గుర్తుపట్టి మొండికేస్తుంది, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న మంచి కన్వర్టర్ ఒకటి కొని దాచుకోండి, ఎవరికీ అప్పివ్వకండి. దాన్ని పెట్టాక అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌లో లేటెన్సీ టైమర్ (వచ్చిన డేటాని ఎంతసేపు ఆపి పంపాలో చెప్పేది) 16 మిల్లీసెకన్లు ఉంటుంది, 1కి దించండి. పాత ప్రోటోకాల్‌లు జవాబు కోసం లెక్కపెట్టుకుని ఎదురుచూస్తాయి, ఆ పదహారు మిల్లీసెకన్లకే అలిగి కమ్యూనికేషన్ ఎర్రర్ అంటాయి. ఇక కామ్ పోర్టు నంబరు. విండోస్ దానికి కామ్14 అని పేరు పెడుతుంది, మన పాత సాఫ్ట్‌వేర్‌లో నాలుగు వరకే లిస్టు ఉంటుంది. మార్చుకోవాలి. ఇదంతా తెలిసినవాడికి ఐదు నిమిషాల పని, తెలియనివాడికి ఒక రాత్రి.

యూఎస్‌బీని హోస్ట్‌కి (అసలు ల్యాప్‌టాప్‌కి) ఇవ్వాలా వీఎంకి ఇవ్వాలా అని వీఎంవేర్ అడుగుతుంది. రాత్రి రెండింటికి నిద్రమత్తులో హోస్ట్ అని నొక్కి, అరగంట సేపు ఎంపీఐ అడాప్టర్ (ఎస్7-300కి తగిలించే కేబుల్) కనపడట్లేదని బాధపడ్డవాడిని నేను. ఆ రోజు పక్కనే నిలబడ్డ ఆపరేటర్ చిత్తూరు అబ్బాయి. "అన్నా, కింద ఆ గుర్తు మీద చుక్క లేదు కదా, అదేమైనానా?" అన్నాడు. అదే. ఆ అబ్బాయికి మర్నాడు టిఫిన్ నేనే పెట్టించాను.

కొన్ని కేబుళ్ళు అసలు వీఎంకి లొంగవు. ఎస్ఎల్‌సీ 500లో 5/02 ప్రాసెసర్‌కి ఆర్ఎస్-232 (మామూలు సీరియల్) పోర్టు లేదు, రాక్‌వెల్ వాళ్ళ డీహెచ్-485 ఒక్కటే. దానికి పాత 1747-పీఐసీ కన్వర్టర్ ఉండేది, నిజమైన సీరియల్ పోర్టు ఉంటే తప్ప అది మాట్లాడదు, యూఎస్‌బీ కన్వర్టర్ ద్వారా వీఎంలోకి పంపితే అస్సలు కుదరదు. రెండు వారాలు దానితో కుస్తీ పట్టి, చివరికి 1747-యూఐసీ తెప్పించాం, అది నేరుగా యూఎస్‌బీ. ఖరీదు చూసి ఓనరు "ఏనిదు (ఏంటిది), వైర్‌కి ఇంత రేటా?" అన్నాడు. మొదటిసారి పెట్టగానే ఆర్ఎస్‌లింక్స్‌లో (రాక్‌వెల్ పీఎల్సీలతో కలిపే సాఫ్ట్‌వేర్) ప్రాసెసర్ కనపడింది, ఆ తర్వాత ఎవరూ రేటు మాట ఎత్తలేదు. 5/03 నుంచి ఛానల్ 0లో ఆర్ఎస్-232 ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

ఇప్పుడు నేను చేసేదేమిటంటే, వీలైన చోట యూఎస్‌బీని తప్పించి నెట్‌వర్క్ కేబుల్‌కి మారడం. ఎంపీఐని ఈథర్‌నెట్‌గా మార్చే గేట్‌వేలు దొరుకుతాయి. వీఎంకి నెట్‌వర్క్ అంత సహజమైనది ఇంకోటి లేదు. అయితే నాట్‌లో (వీఎం హోస్ట్ చాటున దాక్కునే పద్ధతి) పెట్టకండి, బ్రిడ్జ్‌లో (వీఎం నేరుగా నెట్‌వర్క్ మీదికి వచ్చే పద్ధతి) పెట్టండి. నాట్ వెనక నుంచి ఐపీ తెలిసిన పీఎల్సీకి పింగ్ పోతుంది, కానీ ప్రొఫినెట్ (ఫ్యాక్టరీ ఈథర్‌నెట్ పద్ధతి) పరికరాల్ని వెతికే పని ఐపీకి కింది అంచెలో జరుగుతుంది, అది నాట్ దాటదు, లిస్టు ఖాళీగా వస్తుంది. బ్రిడ్జ్‌లో కూడా ఆటోమేటిక్ అని వదిలేస్తే అది వైఫైని పట్టుకుని కూర్చుంటుంది. ఏ పోర్టో మీరే పేరు పెట్టి చెప్పాలి.

లైసెన్సుల దగ్గర వీఎం నా పరువు కాపాడింది. సీమెన్స్ లైసెన్స్ కీ డిస్క్ మీద ఏఎక్స్ ఎన్ఎఫ్ జెడ్‌జెడ్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ పేరు చూస్తే ఎవరికైనా వైరస్ అనే అనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడు శ్రద్ధగా దాన్ని తీసేశాడు, పైగా "సార్, వైరస్ క్లీన్ చేశాను" అని నాకే చెప్పాడు. ముందు వారం తీసిన స్నాప్‌షాట్‌కి (వీఎంని ఉన్నదున్నట్టు దాచిపెట్టిన స్థితి) వెనక్కి వెళ్ళాం, పది నిమిషాల్లో సర్దుకుంది. అదే ల్యాప్‌టాప్ రోజుల్లో అయితే కొత్త కీ కోసం మెయిళ్ళ మీద మెయిళ్ళు పెట్టుకుంటూ ఉండేవాళ్ళం. వీఎం ఫోల్డర్‌ని కొత్త ల్యాప్‌టాప్‌కి మార్చినప్పుడు "తరలించారా, కాపీ చేశారా" అని వీఎంవేర్ అడుగుతుంది. తరలించాననే చెప్పండి. కాపీ అంటే మ్యాక్ అడ్రస్ మార్చేస్తుంది, దానికి ముడిపెట్టిన లైసెన్సులు ఊడతాయి.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి పీఎల్సీలోకి ప్రోగ్రాం డౌన్‌లోడ్ నడుస్తుండగా ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోయింది. వీఎం ఆగింది, యూఎస్‌బీ తెగింది, పీఎల్సీ సీపీయూ స్టాప్‌లో నిలబడింది, ప్రోగ్రాం సగం లోపల సగం బయట. ముందే బ్యాకప్ తీసుకున్నాను కాబట్టి బతికిపోయాను, కానీ ఆ ఇరవై నిమిషాలు ఉన్న టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పటినుంచి ప్యానెల్ తలుపు తీసే ముందే హోస్ట్‌లో స్లీప్ ఆపేస్తాను, యూఎస్‌బీ పోర్టుల్ని నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్ కూడా.

2025లో విండోస్ 10కి అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందని కొత్త ల్యాప్‌టాప్‌లు తీసుకున్నాం, అన్నీ విండోస్ 11. పాత వీఎంలను ఫోల్డర్‌తో సహా మోసుకొచ్చి తెరిస్తే ఒక్కటి కూడా పేచీ పెట్టలేదు, ఈ పద్ధతి మీద నాకున్న నమ్మకమంతా ఆ రోజుదే. వేగం మాత్రం కాస్త తగ్గింది. విండోస్ సెక్యూరిటీ సెట్టింగుల్లో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంటే వీఎంవేర్ విండోస్ వాళ్ళ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే పొర) మీద నడవాలి, అందుకని మందగిస్తుంది. ఆపేయొచ్చు, కానీ అది సెక్యూరిటీ కోసం పెట్టింది, నేను ఆపలేదు. ఎక్స్‌పీకి ఆ తేడా తెలియను కూడా తెలియదు.

ఎక్స్‌పీ వీఎంకి ఇంటర్నెట్ ఇవ్వకండి. సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే పోయింది. ఆఫీసు షేర్డ్ డ్రైవ్‌కి కూడా అది చేరలేదు, ఎక్స్‌పీ వాడే పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్ఎంబీ1 కొత్త విండోస్‌లలో మూసి ఉంటుంది. ఫైళ్ళు అటూ ఇటూ మార్చడానికి వీఎంవేర్ టూల్స్ షేర్డ్ ఫోల్డర్ చాలు.

పాత ఎక్స్‌పీ ల్యాప్‌టాప్ పారేశామా అంటే లేదు. కొత్త డిస్క్ వేసుకుని ఆఫీసు బీరువాలోనే ఉంది. పోయిన నెల ఒక ఎస్5 కోసం మళ్ళీ తీయాల్సి వచ్చింది, దానికి తగిలించే ఆ కరెంట్ లూప్ కన్వర్టర్ వీఎంతో నాకు ఇంతవరకూ కుదరలేదు. ఛార్జర్ వైరు దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది, గోడకు ఏ కోణంలో పెడితే పనిచేస్తుందో నాకూ మా హిందూపురం వాడికీ మాత్రమే తెలుసు.