చిన్నపిల్లలతో విదేశంలో వాలంటీరింగ్ ప్యాకేజీ కొంటున్నారా? కాస్త ఆగండి

కంబోడియాలోని సియెమ్ రీప్‌కి మేం నలుగురం వెళ్లాం. పాపకి ఆరేళ్లు, బాబుకి రెండున్నర. రెండు వారాలు ఒక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లిష్ చెప్పాలి, సెలవు రోజున అంకోర్ వాట్ చూడాలి. ‘ఫ్యామిలీ వాలంటీరింగ్’ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ప్యాకేజీ అది. మా పిల్లలకి కాస్త లోకం తెలుస్తుందని ముచ్చటపడి కొన్నాం. నాలుగో రోజుకే బ్యాగులు సర్దుకుని బయటపడ్డాం.

ఫొటోలో చూపించిన ఫ్యామిలీ రూమ్ అక్కడ లేదు. ఒక పెద్ద గదికి ప్లైవుడ్ అడ్డం పెట్టి ఇటు మమ్మల్ని, అటు ముగ్గురు వాలంటీర్లను ఉంచారు. దోమతెరకి పిడికిలి పట్టేంత చిల్లు ఉంటే సేఫ్టీ పిన్నులతో మూశాను. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి బాబు మధ్యాహ్నం నిద్రపోయినంతసేపూ పక్కనే కాపలా కూర్చున్నాను. ఇక నేను నేర్పిన ఇంగ్లిష్ ఎంతో మీరే ఊహించుకోండి.

గదిదేముంది, సర్దుకుపోయేవాళ్లమే. రెండో రాత్రి మా ఆయన ఒక మాటన్నారు, ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. “మన దగ్గర పోలీసు క్లియరెన్స్ అడిగారా?” అడగలేదు. దరఖాస్తులో టీషర్టు సైజులు అడిగారు, తిండి అలవాట్లు అడిగారు. పిల్లల మధ్య పనిచేయడానికి వస్తున్న మేం ఎవరమో, ఎలాంటివాళ్లమో మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది. మమ్మల్ని అడగలేదంటే ప్లైవుడ్ అవతల ఉన్నవాళ్లనీ అడిగి ఉండరు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ వాళ్లకీ నా పిల్లలకీ మధ్య ఉన్నది ఆ చెక్క ఒక్కటే. అక్కడి పిల్లలకైతే అదీ లేదు. వారానికో కొత్త ముఖం వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోతుంది.

రోజూ సాయంత్రం టూరిస్టులు రాగానే ఆ పిల్లలు డాన్స్ చేయాలి. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒకమ్మాయి మా పాపతో వచ్చీరాని ఇంగ్లిష్‌లో వాళ్లమ్మ గురించి చెప్పింది. అమ్మ ఉందట, ఊళ్లో. నేను ఉలిక్కిపడ్డాను గానీ ఇది కొత్త సంగతేం కాదు. కంబోడియా ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఇలాంటి వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని అడ్డుకోవాలని 2019లో ఐక్యరాజ్యసమితి తీర్మానం కూడా చేసింది. ఇదంతా నేను డబ్బు కట్టాక చదివాను, తప్పు నాదే.

మూడో రోజు ఆవరణలో తిరిగే కుక్కపిల్ల బాబు చేతిమీద గీరింది. రక్తం చుక్క. “చిన్న పిల్లే కదా, ఏం కాదు” అన్నాడు కోఆర్డినేటర్. రేబిస్ విషయంలో ఆ మాట ఎవరన్నా వినకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. కుళాయిలో నీళ్లు దారంలా వస్తుంటే మగ్గు తర్వాత మగ్గు పోశాం. అక్కణ్ణుంచి టుక్‌టుక్‌లో ఆసుపత్రికి పరుగు. టీకా వేశారు. బిల్లు పంపితే ఇన్సూరెన్సువాళ్లు కుదరదన్నారు. పాలసీలో చిన్న అక్షరాల్లో ఉంది, వాలంటీర్ పనిలో ఉండగా ఏం జరిగినా వర్తించదని. మేం వెళ్లింది టూరిస్టు వీసా మీద. ‘అదే చాలు’ అని ఏజెన్సీ మెయిల్ కూడా ఉంది. నిజానికి చాలా దేశాల్లో జీతం లేని పనైనా ఆ వీసా మీద చేయకూడదు.

డబ్బు వెనక్కి అడిగితే వచ్చిన జవాబు: మీరు కట్టింది ఫీజు కాదు, విరాళం. రసీదు తీసి చూస్తే నిజంగానే ఆ మాటే ఉంది. కట్టేటప్పుడు మొత్తం అంకె చూశాం, పక్కన ఏం రాశారో చూడలేదు. కార్డు మీద కట్టాం కాబట్టి బ్యాంకులో డిస్‌ప్యూట్ వేశాం, ఇంకా నడుస్తోంది.

ఇప్పటికే ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈరోజే ఒక మెయిల్ పెట్టండి. వాలంటీర్ల పోలీసు రికార్డు ఎవరు చూస్తారు, పిల్లల రక్షణకి రాతపూర్వకంగా నియమాలున్నాయా, మన పిల్లల్ని పనివేళల్లో ఎవరు చూసుకుంటారు? ‘అదంతా అక్కడికొచ్చాక మాట్లాడుకుందాం’ అంటే వెళ్లకండి. ఊరు చూడాలనుంటే మామూలు టూరిస్టుల్లా వెళ్లి చూసి రండి, అందులో నామోషీ ఏం లేదు.

బాబు బాగానే ఉన్నాడు, డోసులన్నీ పూర్తయ్యాయి. మేం వచ్చేసిన వారానికి వాళ్ల పేజీలో కొత్త ప్రకటన పడింది. అందులో నవ్వుతున్నది మా పాప. తీసేయమని మూడుసార్లు రాశాను.