రెయిలింగ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు: 202, 304, 316లలో ఏది కొనాలి?

ఇంటి లోపలి మెట్లకు 304 గ్రేడ్ పైపు చాలు. ఎండావానలకు ఎదురొడ్డే బాల్కనీకీ అదే సరిపోతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోటైతే 316 తీసుకోవాలి. ఇక 202 కొత్తలో ఈ రెంటిలాగే మెరుస్తుంది. తేడా బయటపడేది తడి తగిలాక, అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు. ఎప్పుడూ పొడిగా ఉండే గదికి తప్ప దాన్ని సిఫారసు చెయ్యలేం.

స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. అది ఆక్సిజన్‌తో కలిసి పైన కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తనే మళ్లీ ఏర్పడుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ ఆక్సైడ్ పొరకు చిల్లులు పెట్టకుండా కాచేది ఇదే. 202లో నికెల్‌ను 4–6 శాతానికి తగ్గించి, ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. బలానికి లోటు రాదు గానీ తుప్పును ఆపడంలో వెనకబడుతుంది.

అయస్కాంతం అంటుకోకపోతే 304 అనే మాట నమ్మకండి, 202కూ అంటుకోదు. పైగా అసలైన 304 కూడా వంపు తిప్పిన చోట కాస్త లాగుతుంది. స్టీలు తయారీదారు ఇచ్చే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి, అందులోని హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పేది) సరుకు మీది నంబరుతో కలవాలి. అనుమానం తీరకపోతే ఏ లోహం ఎంత ఉందో ఎక్స్‌రేలతో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో పరీక్ష చేయించడమే.

మందంలో కోత పట్టుకోవడానికి మాత్రం కాటా చాలు. బయటి వ్యాసంలోంచి మందం తీసేసి, మిగిలినదాన్ని మందంతోనూ 0.0249తోనూ గుణిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది (కొలతలు మి.మీ.లో). 50.8 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మందం ఉన్న 6 మీటర్ల పైపు సుమారు 11 కిలోలు తూగాలి. ముల్లు 9 దగ్గర ఆగిందంటే మీకు ఇచ్చింది 1.2 మి.మీ. పైపు.

మంచి పైపు కూడా చెడేది వెల్డింగ్ దగ్గరే. ఆర్గాన్ వెల్డింగ్‌లో 304కు 308ఎల్, 316కు 316ఎల్ ఫిల్లర్ రాడ్ వాడాలి. స్తంభాల అడుగున నేలకు బిగించే బేస్ ప్లేట్లు 6 మి.మీ. మందం దాటితే, కార్బన్ 0.03 శాతం మించని 304ఎల్ అడగండి. అతుకు చుట్టూ కనిపించే నీలి, గోధుమ రంగుల కింద క్రోమియం తగ్గిపోయి ఉంటుంది. పిక్లింగ్ పేస్టుతో దాన్ని తీసి, నీళ్లతో బాగా కడగాలి. ఆ పేస్టులో సాధారణంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి తొడుగులు, కళ్లజోడు లేకుండా ముట్టుకోకూడదు. ఇంత శ్రమ ఎందుకని పైపైన బఫింగ్ కొట్టి వదిలేస్తే రంగు పోతుంది, బలహీనపడ్డ పొర అలాగే ఉంటుంది. ఇంకో పెద్ద తప్పు, మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ చక్రంతోనే స్టెయిన్‌లెస్‌ను రుద్దడం. ఇనుప రజను పైపులో దిగబడి, తడి తగలగానే గోధుమ చుక్కలై తేలుతుంది. నింద మాత్రం స్టీలు మీద పడుతుంది.

బేస్ ప్లేటును మామూలు ఇనుప యాంకర్ బోల్టులతో బిగించకండి. పెద్ద స్టెయిన్‌లెస్ ముక్కను ఆనుకున్న చిన్న ఇనుప బోల్టు తడిలో త్వరగా తినుకుపోతుంది. 304కు ఏ2, 316కు ఏ4 గ్రేడ్ స్టెయిన్‌లెస్ బోల్టులు జోడీ. బోల్టు మర మీద, పట్టేయకుండా ఆపే యాంటీ-సీజ్ పేస్టు రాసి, నెమ్మదిగా బిగించాలి. డ్రిల్ మెషిన్‌తో గిర్రున తిప్పితే నట్టు మధ్యలోనే పట్టేస్తుంది, ఆ తర్వాత కోసి తీయడమే. వేడికి సాగడం కూడా స్టెయిన్‌లెస్‌కు ఎక్కువే. 50 డిగ్రీల తేడాకు 10 మీటర్ల మామూలు స్టీలు 6 మి.మీ. సాగితే, ఇది 8 మి.మీ. పైనే సాగుతుంది. అంత పొడవును రెండు కొసలా గోడలో పాతేస్తే ప్లాస్టర్ పగులుతుంది. ఒక కొసన, పైపు లోపల జరగగలిగే స్లీవ్ జాయింట్ ఇవ్వండి.

టైల్స్ యాసిడ్ వాష్ పూర్తయ్యాకే రెయిలింగ్ బిగించాలి. ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగ తగిలినా 304 మీద సన్నటి గుంటలు పడతాయి. తోమడానికి ఇనుప పీచు వాడొద్దు.

316కూ హద్దులున్నాయి. సముద్రతీరాన, వాన తగలని అడుగువైపు దానికీ గోధుమ మరకలు పడతాయి. గరుకు ఫినిష్ కన్నా నున్నటి పాలిష్ అక్కడ నయం. మూసి ఉన్న ఈతకొలనులో పైకప్పును వేలాడదీసే కడ్డీలకు 304, 316 రెండూ పనికిరావు. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో అలాంటి కడ్డీలు క్లోరైడ్ వల్ల పగిలి, కాంక్రీటు పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. అక్కడ బరువు మోసే భాగాలకు మాలిబ్డినం 6 శాతం పైనుండే 1.4529 లాంటి గ్రేడ్లు కావాలి. కొలను గట్టున చేత్తో పట్టుకునే రెయిలింగ్‌కు మాత్రం, తరచూ మంచినీళ్లతో కడుగుతూ ఉంటే, 316 చాలు.