అమైనో ఆమ్లాల పొడి: లేబుల్ మీద గొప్పలే ఎక్కువ

"జీర్ణం కావక్కర్లేదు, నేరుగా రక్తంలోకి" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేశారు. మొదటి సగం నిజమే, రెండో సగం దగ్గరే నాకు పేచీ. విడి అమైనో ఆమ్లమైనా సరే, పేగు కణం పొర దాటాలంటే రవాణా ప్రోటీన్ దొరకాల్సిందే. ఇందులో ఉన్న ల్యూసిన్, ఐసోల్యూసిన్, వేలిన్‌లకు చిన్నపేగులో ముఖ్యమైన దారి బీనాట్‌ఏటీ1 అనే రవాణా ప్రోటీన్. అది సోడియం అయాన్‌తో కలిపి వాటిని లోపలికి తెస్తుంది, ఆ సోడియం కణంలో పేరుకుపోకుండా రక్తం వైపు పొరలో ఉన్న పంపు కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చుపెట్టి 3 సోడియంలను బయటకు తోసి 2 పొటాషియంలను లోపలికి లాగుతుంది. అంటే ఈ మూడు అమైనో ఆమ్లాలూ ఒకే గేటు దగ్గర తోసుకోవాలి. "నేరుగా" ఎక్కడుంది ఇందులో?

మామూలు ప్రోటీన్ అరిగితే వచ్చే రెండు, మూడు అమైనో ఆమ్లాల ముక్కలకైతే ప్రోటాన్ల సాయంతో నడిచే పెప్ట్1 అనే వేరే దారి కూడా ఉంది. హార్ట్‌నప్ అనే జన్యుపరమైన వ్యాధిలో బీనాట్‌ఏటీ1 పనిచేయకపోయినా చాలామంది పెద్ద ఇబ్బంది లేకుండా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ఈ డబ్బాలో ఆ ముక్కలే లేవు!

రుచి చేదు. ఎంత కలిపినా పైన తేలుతూనే ఉంటుంది, ల్యూసిన్ నీళ్లలో సరిగా కరగదు మరి. మూత మాత్రం గట్టిది, లీకేజీ లేదు. 5కి 2 ఇస్తా. డాక్టర్ ప్రత్యేకంగా రాసిస్తే తప్ప, సరిపడా ప్రోటీన్ తినేవాళ్లు దీన్ని కొనక్కర్లేదు.