రెడ్ డెడ్ రిడెంప్షన్ 2: నిదానమే శాపమైన చోట

2018లో రాక్‌స్టార్ కంపెనీ తెచ్చిన ఈ వీడియో గేమ్‌లో మంచు, బురద, గుర్రం నడక అచ్చం నిజంలా ఉంటాయి. చిక్కల్లా చేత్తో చేసే చిన్న చిన్న పనుల దగ్గరే. వేటాడిన జంతువు తోలు ఒలవడం, శవాల జేబులు వెతకడం మొదటిసారి అబ్బురం, యాభయ్యోసారి విసుగు. మన ముఠా శిబిరంలో పరుగెత్తనివ్వదు. గుర్రం దిగేటప్పుడు రైఫిల్ తీసుకోవడం మరిస్తే కాల్పుల్లో పిస్తోలే గతి. ఇంత స్వేచ్ఛ ఇచ్చి, మిషన్‌లో మాత్రం గీత దాటితే ఫెయిల్ అంటుంది. ఇదెక్కడి వాస్తవికతో!

దూరాలకు ఉపాయాలున్నాయి. శిబిరం లెడ్జర్‌లో (ఖర్చుల పుస్తకం) ముందు ముఠా నాయకుడు డచ్ బస, తర్వాత మనం ఆడే పాత్ర ఆర్థర్ బస మెరుగుపరిస్తే, దూరపు ఊళ్లకు క్షణంలో చేర్చే ఫాస్ట్ ట్రావెల్ మ్యాప్ వస్తుంది. కానీ అది శిబిరం నుంచో, దారిలో వేసుకున్న గుడారం నుంచో వెళ్లడానికే. లేదంటే మ్యాప్‌లో గమ్యం గుర్తుపెట్టి, బాటమీద గుర్రాన్ని పరుగెత్తిస్తూ సినిమాటిక్ కెమెరా (సినిమాలా దూరం నుంచి చూపే దృశ్యం) పెట్టండి, గుర్రమే తీసుకెళ్తుంది.