విదేశంలో వైద్యం: పేరుమోసిన ఆసుపత్రా, కార్పొరేట్ ఆసుపత్రా, ప్యాకేజీ క్లినిక్కా? ఏది మేలు?

విదేశంలో వైద్యం అనగానే అందరూ మొదట అడిగేది "ఏ దేశం మంచిది?" అని. దేశాన్ని బట్టి తేలే విషయం కాదిది. ఒకే ఊళ్లో నాలుగు వీధుల తేడాతో గొప్ప ఆసుపత్రీ ఉంటుంది, కాలు పెట్టకూడని క్లినిక్కూ ఉంటుంది, రెండింటి వెబ్‌సైట్లలోనూ తెల్లకోటు డాక్టరు ఒకేలా నవ్వుతుంటాడు. కాబట్టి దేశాల సంగతి పక్కనపెట్టి, రోగి ముందుండే దారులేమిటో చూద్దాం.

దాదాపు మూడే ఉంటాయి. ఒకటి, ప్రపంచమంతా పేరున్న పెద్ద బోధనాసుపత్రులు: రోచెస్టర్‌లోని మేయో క్లినిక్, హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్, బెర్లిన్‌లోని షారిటే లాంటివి. రెండు, బ్యాంకాక్, ఇస్తాంబుల్, సియోల్, సింగపూర్ లాంటి చోట్ల విదేశీ రోగుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకుని నడిచే పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు. మూడు, ఏజెంటు ద్వారా వచ్చే ప్యాకేజీ: ఆపరేషన్, హోటల్, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, అన్నీ కలిపి ఒకే రేటు.

నా మాట ముందే చెప్పేస్తా. మొదటి రకం దగ్గర సలహా తీసుకోండి, రెండో రకం దగ్గర ఆపరేషన్ చేయించుకోండి, మూడో రకం దగ్గరికి ప్రాణం మీదికి రాని చిన్న పనులకే వెళ్లండి, అదీ బాగా విచారించుకున్నాకే. దీనికి మినహాయింపులున్నాయి, అసలు చిక్కంతా అక్కడే.

పేరున్న ఆసుపత్రి బలం దాని భవనాల్లో లేదు, అసలు జబ్బేమిటో తేల్చడంలో ఉంది. క్యాన్సర్ విషయంలో ఇది మరీ నిజం. బయాప్సీ స్లైడ్లని అదే రకం క్యాన్సర్‌ని రోజూ చూసే పాథాలజిస్టు మళ్లీ చూస్తే కొన్నిసార్లు జబ్బు పేరే మారిపోతుంది, దాంతో మందూ మారుతుంది. ఈ మేలు కోసం మనిషి విమానం ఎక్కక్కర్లేదు, స్లైడ్లూ, బయాప్సీ ముక్కని మైనంలో భద్రపరిచిన బ్లాకులూ వెళ్తే చాలు. ఇలాంటి పెద్ద సంస్థలు చాలావరకు దూరం నుంచే సెకండ్ ఒపీనియన్ ఇస్తున్నాయి. స్కాన్‌ల విషయంలో మాత్రం ఫిల్మ్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపకండి, స్కాన్ సెంటర్‌ని అడిగి ఒరిజినల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని పంపండి. ఫోటో చూసి ఏ రేడియాలజిస్టూ గట్టిగా ఒక మాట చెప్పలేడు.

మరి మనిషే వెళ్లాల్సిన సందర్భాలు? ఉన్నాయి. అరుదైన జబ్బు, ఇంకెక్కడా దొరకని చికిత్స, క్లినికల్ ట్రయల్. రోగి సొంత రోగనిరోధక కణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి థెరపీకి అమెరికాలో మొదటి అనుమతి 2017లో వచ్చింది, చాలా దేశాలకి అది ఆలస్యంగా చేరింది. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో 2009 నుంచి క్యాన్సర్‌కి కార్బన్ అయాన్‌లతో (మామూలు ఎక్స్‌రేల బదులు కార్బన్ కణాలతో) రేడియేషన్ ఇస్తున్నారు, అలాంటి కేంద్రాలు ప్రపంచం మొత్తం మీద కొన్నే. మీ డాక్టరు రాతపూర్వకంగా "ఇది కావాలి, ఇక్కడ లేదు" అంటే ఖర్చు ఎంతైనా ఆలోచించాల్సిందే. అంతేగాని మోకాలి మార్పిడికో గాల్ బ్లాడర్‌కో అంత దూరం వెళ్తే ఎక్కువ కట్టడం తప్ప ఒరిగేది తక్కువ. పైగా అక్కడ ముందుగా డిపాజిట్ పెద్ద మొత్తంలో అడుగుతారు, చివరి బిల్లు దాన్ని దాటి ఎక్కడికి పోతుందో చెప్పలేం.

కొన్ని ఆపరేషన్లకే దూరం వెళ్లడం లాభం అన్నది నా ఊహ కాదు. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద జరిగిన దాదాపు 25 లక్షల ఆపరేషన్ల లెక్కలు తీసి 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వేశారు. పాంక్రియాస్ తొలగించే సర్జరీని చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, బాగా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. అదే మెడలోని కెరోటిడ్ రక్తనాళాన్ని శుభ్రం చేసే ఆపరేషన్‌కి వస్తే 1.7కి 1.5, అంటే తేడా లేనట్టే. కొన్ని ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన చోటు దొరకడం చావుబతుకుల తేడా, కొన్నిట్లో ఆ తేడా నామమాత్రం. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి, దూరం వెళ్లాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. జర్మనీలో అయితే ఈ లెక్కని నియమంగానే పెట్టారు, మోకాలి మార్పిడి చేసే ఆసుపత్రి ఏడాదికి కనీసం 50 చేయాలి. ఆసుపత్రులు ఏ ఆపరేషన్లు ఎన్ని చేశాయో నాణ్యతా నివేదికల్లో బయటపెడతాయి కూడా. అన్ని దేశాల్లోనూ ఇలా ఉంటే మనకీ తలనొప్పి ఉండేది కాదు.

రెండో రకం, కార్పొరేట్ ఆసుపత్రులు, గెలిచేది ఇక్కడే. రోజూ అదే పని చేస్తుంటారు, ధర ముందే చెప్తారు, అనువాదకులుంటారు, వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు. ఇక జేసీఐ గుర్తింపు, అంటే ఆసుపత్రుల్ని తనిఖీ చేసే జాయింట్ కమిషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఇచ్చేది. మొదటి జేసీఐ గుర్తింపు 1999లో సావో పాలోలోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఆసుపత్రికి దక్కింది, ఆసియాలో మొదట 2002లో బ్యాంకాక్‌లోని బుమ్రుంగ్రాడ్‌కి. మంచిదే, కానీ అది చెప్పేది ఆసుపత్రి పద్ధతుల గురించి: రోగిని సరిగ్గా గుర్తుపడుతున్నారా, మందులు తారుమారు కాకుండా చూస్తున్నారా, ఇన్‌ఫెక్షన్లని అదుపులో పెడుతున్నారా, ఇలాంటివి. మీ సర్జన్ చెయ్యి ఎలాంటిదో అది చెప్పదు. గుర్తింపు మూడేళ్లకే, తర్వాత మళ్లీ తనిఖీ జరగాలి, లోగో మాత్రం గోడ మీద అలాగే ఉండిపోవచ్చు, కాబట్టి జేసీఐ వెబ్‌సైట్‌లోనే పేరు వెతుక్కోండి.

సర్జన్ గురించి తెలుసుకోవాలంటే వీడియో కాల్‌లో సూటిగా అడగాలి. "ఈ ఆపరేషన్ పోయిన సంవత్సరం మీరు ఎన్ని చేశారు? నాకు మీరే చేస్తారా? తేడా వచ్చి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సినవి అందులో ఎన్ని?" ఈ మూడు చాలు. మంచి సర్జన్‌కి కోపం రాదు, ఒక అంకె చెప్తాడు, చివరిదానికి కాస్త ఆలోచించి మరీ చెప్తాడు. "మా ఆసుపత్రికి ముప్పై ఏళ్ల అనుభవం ఉందండీ" అన్నారంటే అది జవాబు కాదు. అసలు సర్జన్ లైన్‌లోకే రాకుండా కోఆర్డినేటరే "మీరేం టెన్షన్ పడకండి సార్, అంతా మేం చూసుకుంటాం" అంటూ ఉంటే అక్కడితో ఆ ఆసుపత్రిని వదిలేయొచ్చు.

ఇక ఎస్టిమేట్. రెండు ఆసుపత్రులవి పక్కపక్కన పెట్టుకుంటే తక్కువ రేటుది ఎందుకు తక్కువో తెలుస్తుంది, ఎందుకంటే చాలాసార్లు అసలు సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఐసీయూ ఎన్ని రోజులకి లెక్కేశారు? రక్తం, బయాప్సీ, ఆపరేషన్ ముందు పరీక్షలు కలిసి ఉన్నాయా? లోపల పెట్టే ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ మోడల్? ఈ చివరిది మర్చిపోకండి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ పెట్టె మీది లాట్ నంబరు స్టిక్కర్ కాపీ అడిగి ఫైల్లో పెట్టుకోండి, పదేళ్ల తర్వాత ఆ కీలు మళ్లీ తెరవాల్సి వస్తే ఇంకో డాక్టరు మొదట అడిగేది అదే. అన్నిటికన్నా ముఖ్యం, కాంప్లికేషన్ వస్తే మళ్లీ చేసే ఆపరేషన్ ఖర్చు ఎవరిది అన్నది రాసి ఉందా? మామూలు ప్రయాణ బీమా ముందే నిర్ణయించుకుని వెళ్లిన వైద్యానికి సాధారణంగా వర్తించదు, వేరే పాలసీ తీసుకోవాలి.

మూడో రకాన్ని పూర్తిగా కొట్టిపారేయను. పళ్ల పనికి చిన్న క్లినిక్‌లు బాగానే ఉంటాయి. కానీ అక్కడా ఒక మెలిక ఉంది: పంటి ఇంప్లాంట్ ఎముకకి అతుక్కోవడానికి మామూలుగా కొన్ని నెలలు పడుతుంది, అందుకే తొందరపడని డాక్టరు రెండుసార్లు రమ్మంటాడు. వారంలో శాశ్వతమైన పళ్లు పెట్టి పంపిస్తాం అనే ప్యాకేజీ అయితే ఎందుకు అంత తొందరో అడగండి. కత్తి, మత్తు, రెండూ ఉన్న ప్యాకేజీలంటే నాకు భయమే. 2023లో మెక్సికోలోని మటమొరోస్‌లో రెండు క్లినిక్‌లలో వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు ఇచ్చి కాస్మెటిక్ సర్జరీలు చేశాక రోగులకి ఫంగల్ మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరలకి ఫంగస్ ఇన్‌ఫెక్షన్) వచ్చింది, కొందరు చనిపోయారు. చాలామందికి లక్షణాలు బయటపడింది ఇంటికి చేరాకే. ఇంటిదగ్గరి డాక్టరుకి "అక్కడ వెన్నులో ఇంజెక్షన్ చేశారు" అని చెప్పకపోతే ఆయన మామూలు తలనొప్పి అనుకునే ప్రమాదం ఉంది.

ఏజెంటు సంగతి కూడా చూడాలి. ఏజెంటుకి ఆసుపత్రి కమీషన్ ఇస్తుంది, అందులో తప్పేం లేదు, కానీ ఆయన చెప్పే మూడు ఆసుపత్రులూ కమీషన్ ఇచ్చేవే అని గుర్తుంచుకోండి. దక్షిణ కొరియాలో విదేశీ రోగుల్ని తీసుకునే ఆసుపత్రులూ ఏజెంట్లూ ప్రభుత్వం దగ్గర నమోదు కావాలని నియమం ఉంది, టర్కీలోనూ ఆరోగ్య శాఖ ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తుంది. ఆ నంబరు అడిగి సరిచూసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. అవయవ మార్పిడికి వెళ్తూ "దాత సంగతి మేం చూసుకుంటాం" అన్న మాట వినబడితే మాత్రం ఫోన్ పెట్టేయండి. అవయవాల అమ్మకానికి వ్యతిరేకంగా 2008లో ఇస్తాంబుల్ డిక్లరేషన్ వచ్చింది, అవయవాలు కొనడం చాలా దేశాల్లో నేరం, పైగా ఆ దాత ఎవరో, ఆయనకి ఏ పరీక్షలు చేశారో మీకెవరూ చెప్పరు.

తిరుగు టికెట్ తేదీ కూడా ఎంపికలో భాగమే. ఛాతీకో పొట్టకో ఆపరేషన్ జరిగితే కనీసం 10 రోజులు విమానం ఎక్కొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా, ముఖం మీది కాస్మెటిక్ సర్జరీలకి 7 నుంచి 10 రోజులు. లోపల చిక్కుకున్న గాలి పైకి వెళ్లేకొద్దీ వ్యాకోచిస్తుంది, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. ఐదో రోజు ఇంటికి పంపిస్తామని గొప్పగా చెప్పే ప్యాకేజీ కన్నా రెండు వారాలు ఉండమనే ఆసుపత్రికే నా ఓటు, హోటల్ ఖర్చు పెరిగినా సరే.

టికెట్ కొనేముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, ఇది చాలామంది వచ్చాక చేస్తారు. ఇంటిదగ్గరి డాక్టరుని కలిసి, "ఫలానా చోట ఫలానా ఆపరేషన్ చేయించుకుని వస్తాను, ఆ తర్వాత మీరు చూస్తారా?" అని అడగండి. వేరే చోట జరిగిన సర్జరీని తమ నెత్తిన వేసుకోవడానికి చాలామంది డాక్టర్లు ఇష్టపడరు, అర్థం చేసుకోదగ్గదే. చూస్తాను అంటే ఆయన్నీ అక్కడి సర్జన్‌నీ ముందే ఒకసారి మాట్లాడించండి, ఏ మందులు రాస్తారో, అవి ఇక్కడ దొరుకుతాయో లేదో అప్పుడే తేలుతుంది. చూడను అంటే ఇంకో డాక్టరు ఒప్పుకునేదాకా డిపాజిట్ కట్టకండి.