ద్వారకానగర్‌లో ట్రేడింగ్ క్లాసు: బేసిక్ బ్యాచ్‌కి ఓకే, పై కోర్సుకి వద్దు

వైజాగ్‌లో డే ట్రేడింగ్ (షేర్లు కొన్న రోజే అమ్మెయ్యడం) క్లాసులు వీధికొకటి వచ్చేశాయి, అందరూ ఎక్కడ కొనాలో చెప్పేవాళ్ళే. ద్వారకానగర్‌లో నేను చేరిన వీకెండ్ బ్యాచ్‌లో (పేరెందుకులెండి) మాత్రం సగం టైమ్ పైన ఎంత క్వాంటిటీ వెయ్యాలి, ఎప్పుడు బయటికొచ్చెయ్యాలి అన్నదానికే పెట్టారు, నాకు నచ్చింది అదే.

క్వాంటిటీ లెక్క సూపర్‌గా చెప్పారు. లక్ష క్యాపిటల్ ఉంటే ఒక ట్రేడ్‌లో పోతే పోవాల్సింది 1 శాతం, అంటే వెయ్యి. షేరు 500కి కొని స్టాప్‌లాస్ (రేటు ఇంతకి పడితే అమ్మెయ్యమని ముందే పెట్టే ఆర్డర్) 492 పెడితే షేరుకి 8 రూపాయల రిస్కు, అంటే 125 షేర్లు, అంతే. బ్రోకర్ 5 రెట్లు మార్జిన్ ఇస్తున్నాడు, అంటే లక్షకి 5 లక్షల షేర్లు కొననిస్తున్నాడు కదా అని వెయ్యి షేర్లు కొట్టేస్తే అదే 8 రూపాయలకి 8 వేలు ఎగిరిపోతాయి.

స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన "మరి పెరిగితే ఎక్కడ అమ్మాలి బాబూ" అని అడిగారు. రేటు 508కి రాగానే సగం షేర్లు అమ్మేసి, మిగతా దానికి స్టాప్‌లాస్ 500కి జరిపి, 516కి అమ్మెయ్యమన్నారు సార్. వినడానికి బానే ఉంది గానీ అంతకుముందు ఆయనే 10 ట్రేడ్లలో 4 గెలిచినా చాలు, గెలుపుకి 2 వేలు (125 షేర్లూ 516కే అమ్మితే), ఓటమికి వెయ్యి చొప్పున 2 వేలు మిగుల్తాయన్నారు కదా, సగం ముందే అమ్మితే గెలుపుకి 1,500 వస్తాయి, 4 గెలిస్తే 6 వేలు, 6 ఓడితే 6 వేలు, పైన బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) మన జేబులోంచే. అడిగితే "సైకాలజీ అండి" అన్నారు, ఏం సైకాలజీయో.

స్టాప్‌లాస్‌ని లిమిట్ ఆర్డర్‌గా (ఫలానా రేటుకి తగ్గి అమ్మొద్దని) పెడితే రేటు ఒక్కసారిగా జారినప్పుడు అమ్ముడవకుండా ఉండిపోవచ్చు, అది చెప్పనేలేదు. ఇంట్రాడే (అదే, డే ట్రేడింగ్) నష్టం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో స్పెక్యులేటివ్ కిందకొస్తుంది, జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు, అదీ లేదు. 2022-23లో షేర్లలో (క్యాష్) ఇంట్రాడే చేసినవాళ్ళలో 10కి 7గురు నష్టపోయారని సెబీ (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) స్టడీ చెప్పింది, ఆ స్లైడ్ ఎందుకు పెడతారులే!

చివర్లో "లైవ్ మార్కెట్‌లో చూపిస్తాం" అని పై కోర్సు అంటగట్టబోయారు. ఉత్త పాఠాలు చెప్పేవాళ్ళు షేరు పేరు పెట్టి గత 3 నెలల రేట్లు చూపించకూడదని సెబీ 2025 జనవరిలోనే చెప్పింది, మీకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందా సార్ అంటే మాట మార్చేశారు. దానికి మాత్రం డబ్బులు కట్టకండి.

ఏసీ బావుంది, టీ దండగ. ఆ సందులో పార్కింగ్ లేదు, బండి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పెట్టి నడిచెళ్ళడం బెటర్.