తోపుడు బండికి అప్పు: డైలీ ఫైనాన్సా, స్వనిధా?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక చాలా తోపుడు బండ్లు వారాల తరబడి మూలపడ్డాయి. పెట్టుబడి డబ్బులు ఇంటి ఖర్చులకే కరిగిపోయాయి. మళ్లీ బండి తీయాలంటే పదివేలు కావాలి. ఎవరిస్తారు?

డైలీ ఫైనాన్స్ వాళ్లు సాయంత్రానికల్లా ఇస్తారు. కాగితం మీద పదివేలు, చేతికి మాత్రం తొమ్మిదివేలు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా పోయేది అనిపిస్తుంది. కానీ తీర్చాల్సిన అసలు రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి, లెక్క కడితే ఏడాదికి 75 శాతం పైనే వడ్డీ పడుతుంది. వాన పడి బేరాలు లేని రోజు కూడా ఆ వంద కోసం మనిషి వచ్చి నిలబడతాడు.

వీధి వ్యాపారులకు అప్పులిచ్చేందుకు కేంద్రం 2020 జూన్‌లో తెచ్చిన పీఎం స్వనిధి పథకం కింద మొదటి విడతలో హామీ లేకుండా 10,000 అప్పు ఇచ్చారు. గడువు ఏడాది, నెల వాయిదా వెయ్యి లోపే. టైముకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ, అప్పట్లో రెండో విడత 20,000, ఆపైన 50,000 ఇచ్చేవారు. చిక్కల్లా కాగితాలే: మున్సిపాలిటీ గుర్తింపు కార్డో, సిఫారసు లేఖో ఉండాలి, బ్యాంకు చుట్టూ తిరగాలి. ఒక్కరోజు తిరిగితే ఒకరోజు బేరం పోయినట్టే.

నన్నడిగితే, నాలుగు రోజులు తిరిగినా స్వనిధే మేలు. రేపు పొద్దున్నే సరుకు దించాల్సినవాడికి మాత్రం ఈ మాట చెప్పడం కష్టం.